ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లషింగ్

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లషింగ్ అనగా కారు ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని పాత ద్రవాన్ని యంత్రసహాయంతో దాదాపు పూర్తిగా తొలగించి కొత్త ద్రవాన్ని నింపే ప్రక్రియ. ఈ ద్రవాన్ని క్లుప్తంగా ఏటీఎఫ్ అంటారు. ఫ్లషింగ్ వలన గేర్‌బాక్సు చెడిపోతుందనే అభిప్రాయం వాహనదారులలో విస్తృతంగా ఉన్నది. సరైన ద్రవంతో, సరైన పద్ధతిలో చేసినపుడు మంచి స్థితిలో ఉన్న గేర్‌బాక్సుకు సాధారణంగా హాని కలుగదు. చాలాకాలం ద్రవం మార్చని గేర్‌బాక్సు విషయంలో మాత్రం ఈ భయం నిరాధారం కాదు.

ద్రవం చేసే పనులు

ఏటీఎఫ్ కేవలం కందెన కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తిని గేర్లకు అందించేది, పీడనంతో క్లచ్ ప్లేట్లను బిగించేది, వేడిని కూలర్‌కు చేరవేసేది ఈ ద్రవమే. జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ గేర్‌బాక్సును ప్రవేశపెట్టింది. ఆ సంస్థ ఏటీఎఫ్‌కు 1949లో టైప్ ఎ, 1967లో డెక్స్‌రాన్ ప్రమాణాలను రూపొందించింది.

పద్ధతులు

అడుగున ఉన్న ఆయిల్ పాన్ నుండి ద్రవాన్ని దించితే సాధారణంగా సగానికి మించి రాదు. మిగిలినది టార్క్ కన్వర్టర్, కూలర్, గొట్టాలలో ఉండిపోతుంది. ఫ్లషింగ్‌లో కూలర్ గొట్టానికి యంత్రాన్ని కలుపుతారు. గేర్‌బాక్సులోని పంపు పాత ద్రవాన్ని నెట్టిన కొద్దీ అంతే పరిమాణంలో కొత్తది లోపలికి వెళుతుంది. ఈ పద్ధతిలో అదనపు పీడనం ఉండదు. కొన్ని యంత్రాలు బయటి పీడనంతోనో, వ్యతిరేక దిశలోనో ద్రవాన్ని పంపుతాయి. కొన్నిచోట్ల శుభ్రపరిచే రసాయనాలను కూడా కలుపుతారు.

హాని కలిగే సందర్భాలు

* అరిగిన క్లచ్ ప్లేట్ల పొడి, లోహపు రజను అడుగున పేరుకొని ఉంటాయి. బయటి పీడనం, వ్యతిరేక ప్రవాహం లేదా రసాయనాల వలన అవి కదలి వాల్వ్ బాడీలోని సన్నని మార్గాలలో చిక్కుకొనవచ్చును.
* ఫిల్టర్‌ను మార్చకుండా ఫ్లషింగ్ మాత్రమే చేస్తే అందులోని మలినాలు అలాగే ఉండిపోతాయి.
* తయారీదారు సూచించని ద్రవం పోస్తే ఘర్షణ గుణం మారి, గేర్లు కుదుపుతో పడటం లేదా క్లచ్ జారటం జరుగుతుంది.
* ద్రవం మట్టం ఎక్కువైతే నురుగు వస్తుంది. తక్కువైతే పీడనం పడిపోతుంది.

కారణమా, కాకతాళీయమా?

చాలామంది గేరు జారుతున్నపుడు, అనగా క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిన తరువాత, ఫ్లషింగ్ చేయిస్తారు. ఆపై గేర్‌బాక్సు ఆగిపోతే నింద కొత్త ద్రవంపై పడుతుంది. పాత ద్రవంలోని పొడి వలననే అరిగిన ప్లేట్లకు పట్టు ఉంటుందని కొందరు మెకానిక్కులు చెబుతారు. అదే నిజమైనా, ఆ స్థితికి చేరిన గేర్‌బాక్సుకు మరమ్మత్తు తప్పదు. అరిగిన ప్లేట్లను ఏ ద్రవమూ తిరిగి బాగుచేయలేదు.

జాగ్రత్తలు

ముందుగా ద్రవాన్ని పరీక్షించాలి. రంగు ముదరటం ఒక్కటే చెడుకు గుర్తు కాదు. మాడు వాసన, నల్లని రేణువులు ఉంటే క్లచ్ ప్లేట్లు అరిగినట్లు భావించాలి. అటువంటి బండికి ఫ్లషింగ్ చేయించక, నిపుణులకు చూపించటం మేలు. చరిత్ర తెలియని పాత కారుకు ఆయిల్ పాన్ విప్పి, ఫిల్టర్ మార్చి, దిగినంత ద్రవాన్నే నింపి, కొంతకాలం నడిపిన పిదప మరల మార్చటం సురక్షితం. వ్యవధి, ద్రవం రకం, పద్ధతుల విషయంలో కారుతో వచ్చే పుస్తకమే ప్రమాణం.

భారతదేశంలో

2014లో మారుతి సుజుకి సెలేరియోతో దేశంలో ప్రాచుర్యం పొందిన ఏఎంటీ గేర్‌బాక్సులో టార్క్ కన్వర్టర్ ఉండదు. అది నిర్మాణంలో మాన్యువల్ గేర్‌బాక్సే కనుక దానికి ఈ ఫ్లషింగ్ వర్తించదు. సీవీటీ గేర్‌బాక్సులకు ప్రత్యేక ద్రవం అవసరం. సాధారణ ఏటీఎఫ్ పోయరాదు.

ఇవి కూడా చూడండి

* టార్క్ కన్వర్టర్
* క్లచ్
* కందెన