తోళ్ల బాటన వచ్చిన సంఘం

1867 జనవరి 1న ఒంగోలులో బాప్తిస్టు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. పదకొండేళ్ల తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులోనే బాప్తిస్మం పొందినవాళ్లు 2,222 మంది. కొత్త సంఘం ఎలా పెట్టాలి, ఎలా నడపాలి అని అడిగేవాళ్లు ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో ఒకసారి చూడాలి.

మొదట్లో ఆశకు తావే లేదు. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ మిషన్‌కు ఏళ్లు గడిచినా ఫలితం కనిపించలేదు. మూసేద్దామన్న మాట అమెరికాలో పదేపదే వచ్చింది. 1854 జనవరి 1న ఆ మిషన్‌కు చెందిన లైమన్ జూయెట్ దంపతులు మరో ముగ్గురితో ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. ఆ విద్య తర్వాత అక్కరకొచ్చింది.

కానీ సంఘాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లింది క్లౌ కాదు, ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకుముందు యోగమార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఈ కొత్త మతం మాట అతని చెవిన పడింది. అతనికి బంధువులు, బేరగాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో కబురు అక్కడికల్లా పాకింది. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఒంగోలులో చిక్కు వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని క్లౌ దగ్గరికి వస్తున్న పెద్దకులాలవాళ్లు చెప్పేశారు. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు.

చేరేవాళ్లకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. కానీ పిలిచిన వెంటనే ఊళ్లోకి వెళ్లి వెట్టి చేయాల్సినవాడు ‘ఇవాళ ఆదివారం, రాను’ అంటే ఊరి కట్టుబాటు కదిలిపోదూ? జాతరలో డప్పు కొట్టనంటే? రెడ్లు, కరణాలు ఊరుకోలేదు. పని మాన్పించారు, దెబ్బలూ పడ్డాయి. తిండి కోసం చేరిన ‘బియ్యం క్రైస్తవులు’ అని ఎగతాళి చేసినవాళ్లు ఈ దెబ్బల లెక్క ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, సంఘ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన వేలమందికి అక్కడ కూలి దొరికింది, విరామంలో వాక్యమూ వినపడింది. అయినా కరువు సాగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, కొత్తవాళ్లకు బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ పట్టుదల. ఆయన చేసినవాటిలో అన్నిటికంటే తెలివైన పని ఇదే అనిపిస్తుంది.

పనులు ముగిశాక జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. 1878 జులై 2న 614 మంది, 3న 2,222, 4న 700, మొత్తం 3,536. రెండో రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు దేశీ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. క్లౌ ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు.

జూబిలీ సంచికలు వేసే సంఘాలవాళ్లకు ఒక మనవి. మొదటి పేజీలో దొర ఫొటో ఎలాగూ ఉంటుంది. దాని పక్కన పేరయ్య పేరూ, మీ ఊరికి మొదట నడిచొచ్చిన బోధకుడి పేరూ వేయండి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి.