చిన్న తూటా, పెద్ద మృగము

ఏనుగును పడగొట్టుటకు ఎంత బరువు గుండు కావలెను? ఈ ప్రశ్నకు 1860 ప్రాంతమున వేటకాండ్రు చెప్పిన జవాబు వేఱు, 1910 ప్రాంతమున చెప్పిన జవాబు వేఱు. మొదటి కాలమున ఒక వేటకాఁడు వాడిన గుండు పందొమ్మిది తులములు దాఁటినది. రెండవ కాలమునాఁటి వేటకాని గుండు తులమునకైనను చాలదు. ఏనుగు మాత్రము ఆ యేఁబదియేండ్లలో ఏమియు మాఱలేదు. మాఱినవి తుపాకిమందును, గుండు చేయు పద్ధతియును. చిన్న రైఫిలు పెద్ద వేటలోనికి ఎట్లు వచ్చెనో, వచ్చిన పిమ్మట దాని వలన ఎవరికేమి మేలు, ఎవరికేమి కీడు కలిగెనో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

పాతకాలపు తుపాకుల కొలత విచిత్రమైనది. ఒక పౌను సీసమును ఎన్ని సమానమైన గుండ్లుగాఁ బోసినచో ఒక్కొక్క గుండు గొట్టములో సరిగాఁ బట్టునో, ఆ సంఖ్యయే తుపాకికిఁ బేరు. పండ్రెండు గుండ్లైన అది పండ్రెండు బోరు. నాలుగు గుండ్లే యైన నాలుగు బోరు. కావున అంకె తగ్గినకొలఁది తుపాకి పెద్దదగును. తుపాకు లెఱుఁగని వారికి ఇది తలక్రిందుగాఁ దోఁచును గాని, నేఁటికిని పండ్రెండు బోరు అను పేరు ఈ లెక్క మీఁదనే నిలిచియున్నది. నాలుగు బోరు గుండు నాలుగు ఔన్సులు. మన తూకములో చెప్పవలెనన్న పదితులములకు కొంచెము తక్కువ.

సింహళమునందును, నైలునదీ ప్రాంతమునందును వేటాడిన సర్ శామ్యూల్ బేకరు (1821–1893) దీనితోఁ దృప్తి చెందలేదు. అరపౌను బరువుగల ప్రేలుడు గుండు వేయు తుపాకిని ఆయన చేయించుకొని, దానికి ముద్దుగా ‘బేబీ’ అని పేరు పెట్టెను. వెంటనున్న అరబ్బులు దానిని తమ భాషలో ‘ఫిరంగి బిడ్డ’ యనిరి. పేరు పెట్టుటలో వారే గెలిచిరని నా యభిప్రాయము. బేకరు మంచి దేహదారుఢ్యము కలవాఁడు. ఐనను ఆ తుపాకి పేల్చినపుడెల్ల అది ఆయనను గిరగిరఁ ద్రిప్పెడిది. దక్షిణాఫ్రికాలో 1870 తరువాత ఏనుఁగులను వేటాడిన ఫ్రెడరిక్ సెలూసు నాలుగు బోరు తుపాకులను వాడెను. వాని తన్నుడు తన నరములను చెఱచినదనియు, ఆ మీఁదట తన గుఱి మునుపటివలె లేకపోయినదనియు ఆయనయే వ్రాసికొనెను. ఇది గమనింపఁదగిన మాట. తుపాకి మృగమును ఒకమాఱు కొట్టిన, వేటకానిని ప్రతిమాఱును కొట్టుచుండెను. తన్నుదినెదనని యెఱిఁగినవాఁడు మీట నొక్కుటకు ముందే కన్ను మూసికొనును, భుజము ముడుచుకొనును; గుండు పోవలసిన చోటికిఁ బోదు.

ఇంత బాధ యేల పడిరన్న, వేఱుదారి లేక. నల్లని తుపాకిమందు గుండునకు ఈయఁగల వేగము కొద్ది. వేగము పెంచలేనపుడు బరువు పెంచవలసినదే. పైగా వట్టి సీసము మెత్తనిది; గట్టి యెముకకుఁ దగిలినచో అప్పడమగును. పేల్చిన మఱుక్షణము తెల్లని పొగ మబ్బువలెఁ గ్రమ్మి, గాయపడిన ఏనుఁగు పాఱిపోయినదో, తన మీఁదికే వచ్చుచున్నదో వేటకానికిఁ గానరాకుండెను.

ఈ స్థితిని మార్చినది ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుఁడు పాల్ వియే. ఆయన 1884లో పొగలేని మందును సాధించెను. రెండేండ్లలో ఫ్రెంచి సైన్యము ఆ మందుతో నడచు లెబెల్ రైఫిలును చేపట్టెను. క్రొత్తమందు గుండును ఎంత వేగముగాఁ ద్రోసెనన్న, వట్టి సీసము గొట్టములోని మరలకు రాచుకొని చెడిపోవఁజొచ్చెను. అందువలన సీసమునకు గట్టిలోహపు తొడుగు వేయవలసివచ్చెను. గుండు సన్నబడెను, పొడవయ్యెను. జర్మనీలోని మౌజరు వారు సిద్ధపఱచిన ఏడు మిల్లీమీటరుల తూటాను 1893లో స్పెయిను సైన్యము స్వీకరించెను. 1899 మొదలు 1902 వఱకు జరిగిన బోయరు యుద్ధములో బోయరులు ఆ తూటాతోనే ఆంగ్లసైన్యమునకు దూరపు గుఱి యనఁగా నేమో నేర్పిరి. దాని గుండు 173 గ్రెయినులు. తులమునకు 180 గ్రెయినులు గదా! వేగము సెకనుకు సుమారు 2300 అడుగులు. ఆ కాలముననే లండనులోని రిగ్బీ కంపెనీ వారు పెద్ద వేటకై తయారుచేసిన .450 తూటా గుండు 480 గ్రెయినులు, అనఁగా రెండుతులముల ముప్పాతికకు కొంచెము తక్కువ. దెబ్బ బలము లెక్కించినచో చిన్నది పెద్దదానిలో సగమైనను లేదు.

ఇచట కలకత్తా దగ్గఱనున్న డమ్‌డమ్ ఊరి మాట చెప్పక తీఱదు. లోహపు తొడుగు నిండుగానున్న గుండు మెత్తని దేహములో సన్నని రంధ్రము చేసికొని ఆవలికిఁ బోవును. 1895 నాఁటి చిత్రాల్ దండయాత్రలో ఇట్టి గుండ్లు తగిలియు శత్రువులు ఆగకుండిరని ఆంగ్లసైనికులు ఫిర్యాదు చేసిరి. డమ్‌డమ్ ఆయుధాగారమున కెప్టెన్ బెర్టీక్లే అను అధికారి గుండు కొనవద్ద తొడుగు తీసి సీసమును బయటఁ బెట్టెను. అది దేహములోఁ దాఁకిన వెంటనే పుట్టగొడుగువలె విచ్చుకొని ఘోరమైన గాయము చేసెను. 1899లో హేగునగరమున సమావేశమైన రాజ్యములు మానవుల మీఁద యుద్ధములో ఇట్టి గుండు వాడరాదని ప్రకటన చేసినవి. యుద్ధమున క్రూరమని త్రోసివేయఁబడిన ఆ గుండే వేటలో దయగలదిగా లెక్కకు వచ్చెను. ఏలయన విచ్చుకొను గుండు తగిలిన జింక అక్కడికక్కడఁ బడును. నిండుతొడుగు గుండు తగిలినది రెండుమైళ్ళు పరుగెత్తి, ఎవరికిని కనఁబడని పొదలో మూఁడునాళ్ళు కొట్టుకొని చచ్చును.

తూటా ఎంచుకొనుటలోని రహస్యమంతయు ఇంచుమించు ఇదియే. కృష్ణజింకకును, చుక్కల దుప్పికిని చర్మము పలుచన, ఎముక చిన్నది. మెత్తనికొన గల తేలిక గుండు చాలును. పులి చర్మము పలుచనిదే కాని కండ దట్టము, కోపము మెండు. వెంటనే విచ్చుకొని పైపైననే తునుకలగు గుండు దానిని చంపక రేపును. కొంతదూరము లోనికిఁ బోయి విచ్చుకొనునట్టి బరువైన గుండు దానికిఁ దగినది. అడవిదున్నకును, ఏనుఁగునకును మెత్తనికొన పనికిరాదు. ఏనుఁగుతలలో మెదడున్న చోటు చిన్నది. దానిచుట్టు తేనెపట్టువలె గూళ్ళుగానున్న ఎముక చాల మందము. దానిని తొలుచుకొని సూటిగాఁ బోవుటకు నిండుతొడుగు గుండే కావలెను. రైఫిలు ఒకటే యైనను, అందుఁ బెట్టు తూటాను బట్టి అది జింకకుఁ దగినదో, దున్నకుఁ దగినదో యగును. అంగడిలో గొట్టపు వ్యాసమునే యడిగి గుండు నిర్మాణము నడుగనివాఁడు సగము బేరమే చేసినవాఁడు.

ఈ రహస్యమును అంచువఱకుఁ దీసికొనిపోయినవాఁడు స్కాట్లండు దేశస్థుఁడు డబ్ల్యు. డి. ఎమ్. బెల్ (1880–1954). ఉగాండాలోని కరమోజా ప్రాంతమున తిరిగినందున ఆయనను ‘కరమోజో’ బెల్ అనిరి. దంతము కొఱకు వేయికి పైఁగా ఏనుఁగులను చంపిన ఈయన, వానిలో పెక్కింటిని పైఁజెప్పిన ఏడు మిల్లీమీటరుల తూటాతోనే చంపెను. ఆంగ్లేయుల అంగళ్ళలో దానిపేరు .275. బెల్ చంపిన ఏనుఁగు తలను ఱంపముతో నిలువునఁ గోయించి, మెదడు ఎచట నున్నదో, ఏ కోణమునుండి చూచిన ఎచట గుఱిపెట్టవలెనో నేర్చికొనెను. తూటాలేని రైఫిలుతో నడచుచునే గుఱి సాధన చేసెడివాఁడు. 1923లో అచ్చయిన తన గ్రంథమున ఆయన చెప్పిన సారాంశమిది: గుండు మెదడునకుఁ దాఁకినచో చిన్నదైనను చాలును, తాఁకనిచో పెద్దదైనను చాలదు.

మాట నిజమే. కాని చదివిన ప్రతివాఁడును బెల్ కాఁడు. తేలిక రైఫిలు మోయుటకు సుఖము, తన్నదు, వెలయుఁ దక్కువ. ఏనుఁగుతలను కోసి చూచుటకుఁ దీఱికలేనివారు ఆ సుఖమును మాత్రము గ్రహించిరి. ఇంతకంటె వింత యేమనఁగా, 1912లో అమెరికాలో బయలుదేఱిన సావేజ్ కంపెనీ వారి .22 హైపవరు తూటా. దాని గుండు 70 గ్రెయినులు, అర తులమైనను లేదు. చైనాలో మతప్రచారము చేసిన హారీ కాల్డ్‌వెల్ దానితోఁ బులులనే చంపెను. దానిని మెచ్చినవారు ఆ పులులనే లెక్కపెట్టిరి గాని, అటువంటి గుండు తగిలి తప్పించుకొనిపోయిన మృగముల లెక్క యెవరు వ్రాసిరి? ఆ తరువాతికాలమున ఆఫ్రికాలోని పలుదేశములు ఏనుఁగు, దున్న మొదలగు వాని మీఁద .375 కంటె సన్నని రైఫిలు వాడరాదని చట్టము చేసికొన్నవి. బెల్ బ్రతికియున్న యెడల నేఁడు ఆయనకు లైసెన్సు దొరకదు. చట్టము నేర్పరిని చూచి చేయునది కాదు గనుక అది న్యాయమే యని తోఁచుచున్నది.

తప్పించుకొనిపోయిన మృగము లెక్క మన దేశమున ఒకసారి స్పష్టముగాఁ దేలినది. 1907లో కుమావూను కొండలలోని చంపావత్ వద్ద జిమ్ కార్బెట్టు ఒక ఆఁడుపులిని చంపెను. నేపాళములోను, కుమావూనులోను కలిసి అది 436 మందిని పొట్టఁబెట్టుకొన్నదని ఆయన లెక్క. చచ్చిన పులి నోరు తెఱచి చూచినపుడు, కుడివైపు కోఱలు రెండును విఱిగియుండెను. మీఁదిది సగమునకు, క్రిందిది మొదటికంట. అది పాత తుపాకి గాయము. ఆ గాయమువలననే తనకు సహజమైన ఆహారమును పట్టలేక, పులి మనుష్యుల మీఁదఁ బడెనని కార్బెట్టు నిశ్చయించెను. ఎప్పుడో ఎవఁడో పేల్చిన తుపాకి అది. వాఁడు ఇంటికిఁ బోయి పులికి గాయము చేసితినని చెప్పుకొనియుండును. వెంబడించి ముగింపని ఆ ఒక్క దెబ్బకు నాలుగువందలకుఁ బైఁగా సంసారములు మూల్యము చెల్లించినవి. కట్టెలకుఁ బోయినవారు, గడ్డికిఁ బోయిన ఆఁడువారు, తుపాకి నెన్నఁడును ముట్టనివారు.

ఆనాఁడు కార్బెట్టు చేతనున్నది చిన్న రైఫిలు కాదు; .500 జోడుగొట్టముల పెద్ద తుపాకి. కాని ఆయన తెచ్చుకొన్నవి మూఁడే తూటాలు. అవి యైపోఁగా పరుగెత్తి తహసీలుదారు చేతిలోని తుపాకిని తీసికొని కడపటి దెబ్బ వేసెను. ఆ పనికి మెచ్చి సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్టు ఆయనకు బహూకరించినది మాత్రము రిగ్బీ వారి .275 రైఫిలు, బెల్ వాడిన జాతి తూటాది. 1926 మే నెల మొదట, ఎనిమిదేండ్లలో 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిఱుతను ఆయన కడతేర్చినది ఈ తేలిక రైఫిలుతోనే. చిఱుత చర్మమునకు ఆ గుండు చాలును. గుఱి యెఱిఁగినవాని చేతిలో నున్నది గనుక సందేహమే లేదు.

మన ప్రాంతపు సంబంధము గలవాఁ డొకఁడున్నాఁడు. హైదరాబాదు సంస్థానములోని బొల్లారమున 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సను ఆనాఁటి చిత్తూరుజిల్లాలోని చామలలోయ నరభక్షకిని గూర్చి వ్రాసెను. ఆయన జీవితమంతయు నమ్ముకొన్నది .405 వించెస్టరు, 300 గ్రెయినుల గుండు. తేలికదియుఁ గాదు, మఱీ పెద్దదియుఁ గాదు. దక్షిణదేశపు ముళ్ళపొదలలో పదిగజముల దూరమునఁ బులి యెదురైనపుడు అదే నయమని ఆయన తలంపు.

మన దేశమున ఈ చర్చ 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వినోదముగా ముగిసినది. కార్బెట్టు రైఫిలు 2015లో రిగ్బీ వారి చేతికే తిరిగివచ్చెను. మఱుసటి యేఁడు దానిని కుమావూనుకుఁ దెచ్చి అచటివారికిఁ జూపిరి. నేఁడు నరభక్షకి బయలుదేఱినచో, దానిని పట్టుటకుఁ గాని మత్తిచ్చి తరలించుటకుఁ గాని వీలులేదని రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి తేల్చుకొన్న పిదపనే చంపుటకు ఉత్తరువు ఈయవలెను. కావున ముందు పేలునది మత్తుసూది తుపాకి. పశువైద్యుఁడు దూరమునుండి మృగము బరువు ఊహించి మోతాదు నిర్ణయించును. తక్కువైనచో సగము మత్తుతో అది ఊరిమీఁదికిఁ బోవును, ఎక్కువైనచో మరల లేవదు.