మాట పడిన మంత్రగత్తెలు

మోక వంటి మన సరిహద్దు పల్లెల్లో 'మాట' అన్న పదం రెండు అర్థాల్లో వినిపిస్తుంది. తెలుగులో అది పలుకు. కన్నడంలో చేతబడి. మంత్రగత్తెను కన్నడిగులు 'మాటగాతి' అంటారు. ఈ పోలిక కాకతాళీయమే కావచ్చు. కానీ చరిత్రలో ఆ రెండూ చాలాసార్లు ఒకదాని వెంట ఒకటి నడిచాయి.

1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వెలువడింది. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర ధరించి కథ నడుపుతారు. తర్వాత వచ్చిన ఆ తరహా ఆటల్లో మంత్రగత్తె కూడా ఒక పాత్ర. అన్యాయానికి గురైన స్త్రీ మనసులో కక్ష కుళ్లి మంత్రగత్తెగా మారుతుందని ఒక కల్పన. ఆటకు బాగానే ఉంటుంది. చరిత్ర చెప్పేది వేరు.

16, 17 శతాబ్దాల ఇంగ్లండు కేసులను పరిశీలించి కీత్ థామస్ 1971లో ఒక గ్రంథం వెలువరించాడు. అందులో తరచుగా కనిపించే తంతు ఇది. పేద ముసలమ్మ పొరుగింటికి ఏ పాలకో పిండికో వస్తుంది. లేదు పొమ్మంటారు. ఆమె గొణుక్కుంటూ పోతుంది. తర్వాత ఆ ఇంట బిడ్డకో గొడ్డుకో జబ్బు చేస్తుంది. అంతే, ఆమె మాటే తగిలిందంటారు. లేదన్నవాడికి తన తప్పు తెలుసు, ఆమె కోపం న్యాయమనీ తెలుసు. భయం అక్కడే పుట్టింది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, అప్పు తీర్చవలసినవాడే అప్పిచ్చినవాడి మీద దావా వేయడం!

1692లో సేలంలో (మన తమిళ సేలం కాదు, అమెరికాలోది) 19 మందిని ఉరితీశారు. ఒకరిని బండరాళ్ల కింద నలిపి చంపారు. తొలుత పట్టుబడినవారిలో సారా గుడ్ ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే మనిషి. గొణుక్కుంటూ ఏమన్నావని విచారణలో నిలదీశారు. బైబిలు కీర్తన చెప్పుకున్నానంది. నమ్మలేదు. జూలై 19న ఉరితీశారు.

మన దగ్గరా అన్యాయమైపోయిన ఆడదాని కోపమంటే భయమే. చనిపోతే మాత్రం గుడి కడతాం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ అత్తింటి ఆరళ్ల కథే గదా! బతికి ఉన్నామెకు ఆ మర్యాద లేదు. మనకు ఉత్తరాన కలబురగి, బీదరు, మెదకు వైపు బాణామతి చేస్తున్నారని అనుమానించి మనుషుల్ని కొట్టారు, చంపారు. మంత్రం సరిగా పలకకుండా పళ్లు ఊడగొట్టారు.

ఇటువంటి దురాచారాలను శిక్షించే చట్టాన్ని కర్ణాటక 2017లో చేసింది. 2020 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. అయితే కేసు నిలవాలంటే సాక్షులు ఆ ఊరివాళ్లే కావాలి. పళ్లు ఊడగొట్టినవాళ్లూ ఆ ఊరివాళ్లే.