పొగాకు ఖర్చు – ఇంటి బడ్జెట్

సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీలకు పోయే డబ్బు కుటుంబంలోని మిగతా అవసరాలను ఎంత కుదిస్తుందో చెప్పే ఆర్థికాంశం ఇది. విజయవాడ బెంజ్ సర్కిల్ లాంటి కూడళ్లలో బడ్డీ కొట్టు దగ్గర సిగరెట్లు విడిగా కొనేవారికి ఈ ఖర్చు ఖర్చుగానే కనిపించదు. పెట్టె మొత్తం ధర ఒక్కసారి చేతిలోంచి పోదు కదా!

2016–17 ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు, ఆపై వయసున్నవారిలో 20 శాతం మంది అప్పట్లో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. అదే సర్వే ప్రకారం అప్పట్లో దేశంలో రోజూ సిగరెట్ తాగేవారి సగటు నెల ఖర్చు సుమారు 1,192 రూపాయలు, బీడీ తాగేవారిది 284. అంటే సిగరెట్‌కు ఏడాదికి 14 వేల పైమాట. బీడీకి అయ్యేది 3,400 రూపాయలే అయినా, తాగేవారిలో ఎక్కువమంది పేదలు కాబట్టి ఆ చిన్న మొత్తమే ఎక్కువ బరువు.

కూలి డబ్బు ఇల్లు చేరకముందే పొగాకు వాటా తెగిపోతుంది. మిగిలినదాంట్లో బియ్యం, అద్దె తగ్గించలేరు. పాలు, పండ్లు, పిల్లల చదువు మీద కోత పడుతుంది. 2008లో వెలువడిన ఆర్థికవేత్త రిజో జాన్ అధ్యయనం భారతీయ కుటుంబాల్లో ఈ ధోరణిని చూపింది.

పై లెక్కల్లో జబ్బు ఖర్చు చేరలేదు. వైద్యం, అకాల మరణాలు కలిపి 2017–18లో దేశం మీద పడిన భారం సుమారు 1.77 లక్షల కోట్ల రూపాయలని అంచనా.