మన్యం జ్వరం ఎవరికి వచ్చింది?

విశాఖ మన్యం చరిత్రను దొరల కాగితాల్లో చదివితే జ్వరం కొండలకు కట్టిన కోటగోడలా కనిపిస్తుంది. 1839 చట్టంతో ఏజెన్సీ పాలన మొదలైనది లగాయతు ఘాట్ ఎక్కే ప్రతి ఉద్యోగికీ దాని భయమే. 1879 రంప పితూరీని అణచడానికి వచ్చిన సిపాయిలు జ్వరంతో మంచాన పడ్డారు. 1907లో ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులోనూ ఏజెన్సీ జ్వరం ప్రస్తావన ఉంది. ఈ రాతల్లో జబ్బు పడేవాడు కిందినుంచి వచ్చినవాడు. కొండమనిషి మాత్రం దానికి అలవాటుపడినవాడు. ఈ చూపు మనల్ని చాలాకాలం తప్పుదారి పట్టించింది. పాడేరు–అరకు దారిలోని హుకుంపేట లాంటి చోట మలేరియా వచ్చిపోయే గండం కాదు. తరాలు దాటి నెత్తురులో మిగిలిన దీర్ఘరోగం. దాని బరువు మోసింది ఆసుపత్రులు కావు, ఇళ్లు.

పెద్దవాళ్లు జ్వరాన్ని కొంత తట్టుకుంటారన్న మాట నిజమే. ఆ తట్టుకునే శక్తికి వెల చెల్లించినవాళ్లు పిల్లలు. మలేరియా పాతుకుపోయిన ఊళ్లలో పసివాళ్లకు ఏడాది పొడుగునా జ్వరం తగిలి, బల్ల (ప్లీహం) పెరిగి, నెత్తురు తగ్గుతుంది. బతికి బట్టకట్టిన వాళ్లే ‘అలవాటుపడిన’ పెద్దలవుతారు. అందుకే ఆనాటి మలేరియా పరిశోధకులు ఊరి తీవ్రతను పిల్లల పొట్ట తడిమి, బల్లను బట్టి అంచనా కట్టేవారు. అప్పటికి విశాఖ జిల్లాలోనే ఉన్న జయపురం కొండల మలేరియాపై పెర్రీ చేసిన పరిశీలన 1914లో అచ్చయింది. అంటే కొండపిల్లల జబ్బు సర్కారుకు తెలియనిది కాదు. నీలగిరుల సింకోనా నుంచి తీసిన క్వినైన్‌ను తపాలా కచేరీల్లో పొట్లాలుగా అమ్మేవారు. తపాలా కచేరీయే లేని గూడేనికి ఆ పొట్లం ఎలా చేరుతుంది? పైగా జ్వరాల కాలమూ నాట్ల కాలమూ ఒకటే. ఒకరు పడుకుంటే ఇంకొకరు పొలం మానాలి, లేదా పెద్దపిల్ల చంటివాణ్ణి చంకనేసుకుని ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఏడు గాదెలో చోళ్లు తగ్గడం వెనుక జ్వరం ఉందని ఏ రెవెన్యూ లెక్కా రాయలేదు.

ఈ చరిత్ర నెత్తురులో ఉందనడం అలంకారం కాదు. ఎర్రకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉన్న బిడ్డకు ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుందని ఆంథొనీ ఆలిసన్ 1954లో చూపించాడు. తల్లినుంచీ తండ్రినుంచీ రెండూ వస్తే ఆ రక్షణే రోగమవుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ ఆ ప్రమాదం నాలుగింట ఒక వంతు. ఒకే ఇంట్లో అన్నను కాపాడిన జన్యువు చెల్లెల్ని కీళ్లనొప్పులతో మెలితిప్పుతుంది. చలి, దాహం, అలసట, జ్వరం, ఇవన్నీ ఆ నొప్పిని రేపేవే. మన్యపు చలికాలం సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇక్కడ వైద్యమంటే చాలామటుకు ఇంటి పనే: నెగడు ఆరకుండా చూడడం, నీళ్లు తాగించడం, బరువు మోయనివ్వకపోవడం, నొప్పి ముదిరితే రోడ్డు లేని గూడెం నుంచి డోలీ కట్టడం. ఈ చాకిరీలో ఎక్కువ పాలు ఆడవాళ్లదే.

ఈ రోగానికి మేనరికాలే కారణమని కొందరంటారు. దగ్గరి పెళ్లిళ్లు ముప్పు పెంచుతాయి, నిజమే. కానీ మలేరియా వల్ల జన్యువు ఊరంతా పాకిన చోట బంధుత్వం లేని ఇద్దరూ వాహకులు కావచ్చు. నెపం పెళ్లి మీదికి తోస్తే మలేరియా చరిత్ర మరుగున పడుతుంది. ఊరి మంత్రవైద్యులైన దిసారినీ గురువునూ నమ్మి వైద్యానికి దూరమయ్యారన్నది ఇంకో మాట. ఆలస్యం ప్రాణం తీసిన సందర్భాలు ఉంటాయి, కాదనను. అయితే రాత్రివేళ నొప్పితో అరుస్తున్న బిడ్డ దగ్గర కూర్చునే మనిషి ఊళ్లో ఆ దిసారో గురువో ఒక్కడే అయినప్పుడు, అతని దగ్గరికి పోవడాన్ని మూఢత్వమనడం అన్యాయం.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: 1953లో మొదలైన జాతీయ మలేరియా కార్యక్రమం, డీడీటీ పిచికారీ, తర్వాతి దోమతెరలు, ఆశా కార్యకర్తల రక్తపరీక్షలు జ్వరాన్ని తగ్గించలేదా? తగ్గించాయి, వాటి వల్ల దక్కిన ప్రాణాలను తక్కువ చేసి చూడకూడదు. అయితే వీటిలో చాలావరకు దండయాత్ర పద్ధతిలో నడిచాయి. జట్టు వస్తుంది, మందు కొడుతుంది, పోతుంది. దోమమీద ఆ పద్ధతి పనిచేస్తుంది. బతికినన్నాళ్లూ మందు కావలసిన బిడ్డకు అది చాలదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ మూడేళ్లలో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలనీ, 2047 నాటికి రోగాన్ని నిర్మూలించాలనీ పెట్టుకుంది. పుట్టబోయే పిల్లల కోసం ఆ పరీక్షలు అవసరమే. పుట్టి ఉన్న పిల్లలకు కావలసింది వేరు: హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ ప్రతి నెలా ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలి, ఎక్కించే రక్తం పాడేరులో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, వంద కిలోమీటర్లకు పైబడి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి పరుగెత్తించకూడదు, బిడ్డ కోసం కూలి మానుకున్న తల్లికి ఆ రోజుల కూలి ఇవ్వాలి. పాలకులు ముందు ఈ పనులు చేయాలి.