బేస్‌కు అంకె పెట్టని చట్టం

సబ్‌వూఫర్ బిగించడం ఎక్కడైనా ఒకటే పని. రిసీవర్ వెనక ‘సబ్ అవుట్’ నుంచి ఒక్క కేబుల్ లాగడం, 80 హెర్ట్జ్ దగ్గర క్రాస్ఓవర్ పెట్టడం, ఫేజ్ స్విచ్ అటూ ఇటూ వేసి బేస్ ఏ వైపు నిండుగా ఉంటే అక్కడ వదిలేయడం. న్యూజిలాండ్‌లో మాత్రం ఆ పెట్టె ఎక్కడ ఉండాలో, ఎంత పలకాలో తేల్చేది మాన్యువల్ కన్నా అక్కడి ఇళ్లూ, 1991 నాటి చట్టమూ. అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క చట్రంతో, లోపల జిప్సం బోర్డుతో కట్టినవి. ఇటుక గోడల మధ్య పెరిగిన మనకు ఇది వెంటనే తట్టదు గానీ, అలాంటి గోడ మాటలను కొంతైనా ఆపుతుంది, 40 హెర్ట్జ్ మోతను మాత్రం దాదాపు అలాగే పక్కింటికి పంపేస్తుంది.

శబ్దాల మీద 1982లోనే అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. 1991లో రిసోర్స్ మేనేజ్‌మెంట్ చట్టం ఆ పనిని తనలో కలుపుకుంది. లోతైన బేస్‌కు విడిగా ఒక ఛానెల్ ఉన్న డాల్బీ డిజిటల్ ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో థియేటర్లకు చేరింది 1992లో, ఇళ్లలోకి ఆ తర్వాతే. అంటే చట్టం రాసేనాటికి ఇళ్లలో ఈ పెట్టె ఇంకా అంత మామూలు కాలేదు. అయినా 326వ సెక్షన్ మితిమీరిన శబ్దానికి డెసిబెల్ అంకె పెట్టకుండా, ఇతరుల ప్రశాంతతకు అసమంజసంగా అడ్డొచ్చేదేదైనా అని చెప్పింది; శబ్దమంటే కంపనం కూడా అని చట్టం తన నిర్వచనాల్లో పేరు పెట్టి చేర్చింది. అధికారి వచ్చి వింటాడు, తగ్గించమంటాడు; ఆ ఆదేశం 72 గంటల దాకా ఉండొచ్చు. వినకపోతే పోలీసును వెంటబెట్టుకొచ్చి పెట్టెనే పట్టుకుపోవచ్చు.

ఒకరి చెవి మీద ఆధారపడితే న్యాయమెక్కడిదని అడగొచ్చు. మంచి ప్రశ్నే; ఇద్దరు అధికారులు రెండు రకాలుగా వినొచ్చు. కానీ మీటర్లలో మామూలుగా వాడే ‘ఎ’ స్కేలు 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెళ్లు తీసేసి చూపిస్తుంది. పక్కింటి కిటికీ అద్దం గడగడలాడుతున్నా అంకె బుద్ధిమంతుడిలా ఉంటుంది. ‘సి’ స్కేలు వాడొచ్చుగా అంటే, అది బేస్‌ను పట్టుకుంటుంది గానీ, గదిలో బేస్ ఒక మూల పోగుపడి నాలుగడుగుల అవతల మాయమవుతుంది. మైకు ఎక్కడ పెడితే అంకె అక్కడిదే. అందుకే అంకె లేకపోవడం ఈ చట్టానికి లోపం కాదనే నేనంటాను. ఇక బిగించేవాడికి దీనర్థం ఒకటే: మూలలో పెడితే బేస్ ఉబ్బుతుంది, గోడ పట్టుకుంటుంది. సోఫా పక్కకు తెస్తే తక్కువ వాల్యూమ్‌కే కూర్చున్నవాళ్లకు సరిపడా వినిపిస్తుంది, పక్కింటికి వెళ్లేదీ ఆ మేరకు తగ్గుతుంది.