ఐసీయూ నర్సుల సంభాషణా నైపుణ్యం, సహానుభూతి

ఐసీయూ నర్సుల సంభాషణా నైపుణ్యం అనగా ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో నర్సు రోగితోను, అతని బంధువులతోను మాట, సైగ, స్పర్శల ద్వారా సమాచారం ఇచ్చిపుచ్చుకొనే సామర్థ్యం. రోగి బాధను అతని స్థానంలో నిలిచి గ్రహించి, ఆ సంగతి అతనికి తెలిసేలా మెలగడాన్ని సహానుభూతి అంటారు. జాలిపడటానికి రోగిని ఏమీ అడగనక్కరలేదు. సహానుభూతికి అడగడం, వినడం తప్పనిసరి.

నేపథ్యం

1952లో డెన్మార్కులోని కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, ఊపిరి ఆడని రోగులకు వైద్య విద్యార్థులు చేతితో సంచి నొక్కుతూ గాలి అందించారు. 1953లో బ్యోర్న్ ఇబ్సెన్ అక్కడ నెలకొల్పిన విభాగాన్ని తొలి ఐసీయూలలో ఒకటిగా పరిగణిస్తారు. 1952లోనే అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ, రోగికి నర్సుకు మధ్య ఏర్పడే సంబంధమే నర్సింగుకు మూలమని తన గ్రంథంలో ప్రతిపాదించింది.

మాట్లాడలేని రోగి

వెంటిలేటరు గొట్టం స్వరతంత్రుల మధ్యనుండి వెళ్ళడం వలన రోగికి మాట రాదు. అయినా మత్తు తక్కువగా ఉన్నప్పుడు అతనికి వినబడుతుంది, భయమూ కలుగుతుంది. గొట్టం ఉన్నందువల్లనే మాట రావడం లేదని చెప్పకపోతే, అది శాశ్వతంగా పోయిందని అతడు భావించవచ్చు. కనుక స్పృహ లేనట్లు కనబడే రోగిని కూడా పేరుపెట్టి పిలిచి, చేయబోయే పనిని ముందుగా చెప్పాలి.

ప్రశ్నలు ‘అవును’, ‘కాదు’ అని జవాబివ్వగలిగేలా ఉండాలి. తెలుగువారిలో అంగీకారానికి తలను పక్కలకు ఊపే అలవాటు ఉన్నందున, తల ఊపును పొరపాటుగా అర్థం చేసుకొనే అవకాశముంది. ‘అవునైతే ఒకసారి కళ్ళు మూయండి’ అనడం మేలు. చదువురాని వారికి అక్షరాల పలక కంటే బొమ్మల పలక ఉపయోగకరం.

బంధువులతో సంభాషణ

రోగనిర్ధారణను, ప్రాణాపాయాన్ని తెలియజేయడం వైద్యుని బాధ్యత. ఆ మాటలు బంధువులకు ఎంతవరకు అర్థమయ్యాయో కనుగొని, సందేహాలను వైద్యునికి చేర్చడం నర్సు బాధ్యత. ఫ్రాన్సులోని 22 ఐసీయూలలో మరణానికి చేరువైన 126 మంది రోగుల బంధువులపై జరిగిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. మాట్లాడటానికి ఎక్కువ సమయం ఇచ్చి, వారు చెప్పేది విని, చిన్న సమాచార పుస్తకం అందించినప్పుడు, 90 రోజుల తరువాత ఆ బంధువులలో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు తక్కువగా కనిపించాయి.

2020లో కోవిడ్-19 కారణంగా బంధువులను లోనికి అనుమతించనప్పుడు, అనేక ఆసుపత్రులలో నర్సుల ఫోనే రోగికి కుటుంబానికి మధ్య వారధి అయింది.

అనకాపల్లి ప్రాంతంలో

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. విషమ స్థితిలోని రోగులను ఇక్కడినుండి తరచు విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు. ఎందుకు పంపుతున్నారో వివరించక ‘సీరియస్’ అని మాత్రమే అంటే, కుటుంబం ఆశ వదులుకొనే ప్రమాదముంది. ‘శాచురేషన్ పడిపోయింది’ అనేకంటే ‘ఊపిరి చాలడం లేదు, గాలి పెట్టాలి’ అంటే పల్లెవాసులకు తేలికగా బోధపడుతుంది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది మరణించారు. క్షతగాత్రులను అనకాపల్లి, విశాఖపట్నం ఆసుపత్రులకు తరలించారు. ఇటువంటి సమయంలో తమవారు ఏ ఆసుపత్రిలో, ఏ స్థితిలో ఉన్నారన్నదే బంధువుల మొదటి ప్రశ్న. తెలిసినంత మేరకు స్పష్టంగా చెప్పడం, తెలియనిదానికి వట్టి భరోసా ఇవ్వకపోవడం, మళ్ళీ ఎప్పుడు చెప్పేదీ తెలపడం ఇక్కడ సహానుభూతికి ఆచరణ రూపం.

ఇవి కూడా చూడండి

నర్సు
వెంటిలేటరు
అనకాపల్లి జిల్లా